బస్సు తిరగని కూడళ్లు

రోడ్డు వెడల్పయినా మూల ఇరుకే
చౌరస్తాల నిర్మాణంలో బస్సు కొలతకు దక్కని చోటు

కరీంనగర్‌, ఆదిలాబాద్‌: పట్టణాల్లో బస్సు ఆలస్యమయ్యేది తిన్నని రోడ్డుపై కాదు, కూడలి మూల వద్ద. నాలుగు వరుసల రోడ్డుపై సాఫీగా వచ్చిన బస్సు చౌరస్తాలో ఎడమకు తిరగాల్సి వచ్చేసరికి నిలిచిపోతుంది. డ్రైవర్‌ ముందుగా కుడివైపు జరిగి, పక్క వరుసను ఆక్రమించి, ఎదురుగా ఉన్న ఆటో వెనక్కి తగ్గే వరకు వేచి ఉండి, ఆ తరువాతే చక్రం తిప్పుతాడు. వెనుక నిలిచిన వాహనదారులు హారన్లు మోగిస్తారు. తప్పంతా డ్రైవర్‌దే అన్నట్లు అందరి చూపులూ అతడివైపే మళ్లుతాయి. నిజానికి అక్కడ పరీక్షించాల్సింది డ్రైవర్‌ నైపుణ్యాన్ని కాదు, ఆ మూలను గీసిన తీరును.

రోడ్ల విస్తరణ అనగానే వెడల్పు ఎన్ని అడుగులన్న చర్చే ఇప్పటివరకు సాగుతోంది. మూల ఎంత వంపు తిరగాలి, డివైడర్‌ ఎక్కడ ఆగాలి, మధ్యలో దీవి ఎంత ఉండాలి అన్న ప్రశ్నలు వెనుకబడిపోతున్నాయి. వంద అడుగుల రోడ్డు వేసినా మూల పది అడుగుల వద్ద బిగుసుకుపోతే బస్సుకు దక్కేది ఆ పది అడుగులే.

నగరం నడుమ ప్రయాణ ప్రాంగణం

కరీంనగర్‌ ఉత్తర తెలంగాణకు బస్సుల కూడలి. హైదరాబాద్‌, వరంగల్‌, జగిత్యాల, సిరిసిల్ల, పెద్దపల్లి, మంచిర్యాల దిక్కులకు వెళ్లే సర్వీసులన్నీ ఇక్కడ కలుస్తాయి. వేములవాడ, కొండగట్టు, ధర్మపురి, కాళేశ్వరం క్షేత్రాలకు వెళ్లే భక్తుల రద్దీ దీనికి తోడు. బస్‌స్టేషన్‌ ఊరి వెలుపల కాకుండా నగరం నడిబొడ్డున ఉండటం ప్రయాణికులకు గొప్ప సౌలభ్యం. ఆ సౌలభ్యానికి మూల్యం చెల్లించాల్సింది మాత్రం చుట్టూ ఉన్న చౌరస్తాలే. తెలంగాణ చౌక్‌, కోర్టు చౌరస్తా, కమాన్‌, మంచిర్యాల చౌరస్తా, గీతాభవన్‌ చౌరస్తా.. ఏ దిక్కుకు వెళ్లే బస్సయినా వీటిలో కొన్నింటిని దాటక తప్పదు.

2005లో నగరపాలక సంస్థగా మారిన కరీంనగర్‌, 2017 జూన్‌లో స్మార్ట్‌ సిటీల జాబితాలో చేరింది. రోడ్లు, కాలిబాటలు, మురుగు కాల్వల పనులు పెద్దఎత్తున జరిగాయి. 2023 జూన్‌లో మానేరుపై తీగల వంతెన ప్రారంభమై కమాన్‌ నుంచి సదాశివపల్లి వైపు కొత్త దారి తెరుచుకుంది. కరీంనగర్‌-వరంగల్‌ జాతీయ రహదారిని నాలుగు వరుసలుగా విస్తరించే పనికి అదే ఏడాది జులైలో శంకుస్థాపన జరిగింది. ఊరిని చేరే దారులు ఇలా పెద్దవవుతున్న కొద్దీ ఊరిలోని మూలలపై ఒత్తిడి పెరుగుతుంది. వెలుపల నాలుగు వరుసల్లో వేగంగా వచ్చిన రద్దీని చివరకు మోయాల్సింది పాత చౌరస్తాలే.

ఆదిలాబాద్‌ పరిస్థితి మరో తీరు. 44వ నంబరు జాతీయ రహదారి ఊరి పక్కనుంచి సాగిపోతున్నా, దూరప్రాంత బస్సులు బస్‌స్టాండ్‌కు రావాలంటే పట్టణంలోకి మళ్లాల్సిందే. నిర్మల్‌, ఉట్నూరు, బేల దారుల వాహనాలతోపాటు మహారాష్ట్ర నుంచి వచ్చే బస్సులూ ఇక్కడికి చేరతాయి. పత్తి కొనుగోళ్ల కాలంలో మార్కెట్‌ యార్డుకు వచ్చే ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, లారీలు అదనం. అంబేడ్కర్‌ చౌక్‌, నేతాజీ చౌక్‌, వినాయక్‌ చౌక్‌ వంటివి పాత ఊరి అవసరాలకు ఏర్పడిన కూడళ్లు. అవి పుట్టిన నాటికి 12 మీటర్ల బస్సు ఊహలో కూడా లేదు.

లెక్క ఏం చెబుతోంది?

మన దేశంలో సాధారణ రెండు ఇరుసుల బస్సు పొడవు 12 మీటర్ల వరకు, వెడల్పు సుమారు 2.5 మీటర్లు ఉంటుంది. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం దాదాపు 6 మీటర్లనుకుందాం. తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు. అవి లోపలివైపు కోసుకుంటూ వస్తాయి. ఎద్దుల బండి సందు తిరిగేటప్పుడు గోడ మూలను రాసుకునేది ఇందువల్లే.

బడిలో నేర్చుకున్న లంబకోణ త్రిభుజమే ఈ లెక్కకు ఆధారం. ముందు ఇరుసు మధ్యభాగం 10 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే, ఇరుసుల దూరం 6 మీటర్లు కాబట్టి వెనుక ఇరుసు 8 మీటర్ల వ్యాసార్ధంలో నడుస్తుంది. అంటే రెండు మీటర్లు లోపలికి. బస్సు వెడల్పును కలుపుకొంటే లోపలి అంచు 6.75 మీటర్ల వ్యాసార్ధంపై, ముందువైపు బయటి మూల 12.6 మీటర్ల వ్యాసార్ధంపై సాగుతాయి. రెండున్నర మీటర్ల బస్సు మలుపులో దాదాపు 6 మీటర్ల రోడ్డును ఊడ్చుకుంటూ పోతుందన్నమాట. ఒక వరుస వెడల్పు 3.5 మీటర్లు. అంటే రెండు వరుసలకు కొంచెం తక్కువ.

యూరోపు దేశాల్లో అమలులో ఉన్న నిబంధన కూడా దీనికి దగ్గరగానే ఉంది. బయట 12.5 మీటర్లు, లోపల 5.3 మీటర్ల వ్యాసార్ధాలున్న వలయంలో బస్సు తిరగగలగాలని అక్కడి నియమం. ఆ వలయం వెడల్పు 7.2 మీటర్లు. బస్సు తయారీదారుకు ఉన్న ఈ కొలత రోడ్డు వేసే గుత్తేదారు చేతిలోని నక్షాలోనూ ఉంటేనే రెండూ కలుస్తాయి.

ఇక్కడే మరో చిక్కు ఉంది. ఎడమకు తిరిగేవారు వీలైనంత ఎడమ అంచుకు దగ్గరగా ఉండాలని రోడ్డు నియమాలు చెబుతాయి. ఇరుకు మూల వద్ద బస్సు డ్రైవర్‌ ఆ మాట పాటిస్తే వెనుక చక్రం కాలిబాట ఎక్కుతుంది. పాటించకపోతే పక్క వరుసలోకి వెళ్లాలి. ఏది చేసినా తప్పే అయ్యే చోట నిలబెట్టి డ్రైవర్‌ను తప్పుపట్టడంలో అర్థం లేదు.

ఎడమ చక్రం పక్కన ఎవరున్నారు?

ఇది కేవలం ఆలస్యానికి సంబంధించిన విషయమైతే ఇంతగా చర్చించనవసరం లేదు. బస్సు ఎడమకు తిరిగే ముందు కుడివైపు జరగగానే ఎడమ పక్కన ఖాళీ ఏర్పడుతుంది. ద్విచక్ర వాహనదారుడికి అది దారిలా కనిపిస్తుంది. బస్సు తనకు దారి ఇస్తోందనుకొని ముందుకు దూసుకొస్తాడు. సరిగ్గా ఆ ఖాళీలోకే బస్సు వెనుక చక్రం కోసుకొస్తుంది. డ్రైవర్‌కు ఎడమ అద్దంలో ఆ భాగం పూర్తిగా కనిపించదు. కాలిబాట అంచున నిలబడిన పాదచారికీ ఇదే ప్రమాదం. ముందు చక్రం దూరంగా పోయిందన్న ధీమాతో ఉన్న మనిషి కాళ్ల మీదికి వెనుక చక్రం వస్తుంది.

బస్సు తోక సంగతీ మరువరాదు. వెనుక ఇరుసు దాటి సుమారు 3.4 మీటర్ల దేహం వేలాడుతూ ఉంటే, బిగువైన మలుపులో అది ఎదురుదిశకు అర మీటరుకు పైగా ఊగుతుంది. ఎడమకు తిరిగే బస్సు కుడి వెనుక మూల పక్క వరుసలోని బైకును తాకేది ఇలాగే.

బస్సు లోపలి ప్రయాణికుల మాట కూడా ఉంది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైన తరువాత పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో నిలబడి ప్రయాణించేవారు పెరిగారు. 10 మీటర్ల వ్యాసార్ధంలో బస్సు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తిరిగితే నిలబడిన మనిషి తన బరువులో మూడో వంతుకు దగ్గరగా ఉండే తోపును పక్కకు ఎదుర్కోవాలి. 12 కిలోమీటర్ల వేగంలో అది తొమ్మిదో వంతుకు తగ్గుతుంది. చంకలో బిడ్డ, చేతిలో సంచి ఉన్న తల్లికి ఈ రెంటి మధ్య తేడా పడిపోవడానికీ నిలబడటానికీ మధ్య తేడాయే.

మలుపు విషయంలో ఈ ప్రాంతానికి మరపురాని గాయం ఉంది. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్‌ రోడ్డుపై కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. కొండ దారి వేరు, నగర కూడలి వేరు. రెంటినీ ఒకే గాటన కట్టలేం. అయితే బస్సు పొడవు, మోసే జనం, దారి వంపు ఈ మూడింటినీ కలిపి చూడాలన్న పాఠం రెండుచోట్లా ఒకటే.

మూలను పెద్దది చేస్తే చాలా?

అలాగైతే మూలలన్నీ కొట్టేసి విశాలంగా వంపు తిప్పితే సరిపోతుంది కదా అన్న వాదన వస్తుంది. సరిపోదు. బస్సుకు అనుకూలమైన మూల కారుకు పరుగుపందెపు మలుపవుతుంది. ఇంజినీర్లు వాడే సూత్రం ప్రకారం లెక్కిస్తే, వాహనం 6 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగేటప్పుడు గంటకు సుమారు 15 కిలోమీటర్ల వేగం హాయిగా ఉంటుంది. 15 మీటర్ల వ్యాసార్ధమైతే అది 24 కిలోమీటర్లకు చేరుతుంది.

నడిచేవారికి నష్టం మరీ ఎక్కువ. 7 మీటర్ల వెడల్పున్న రోడ్డుకు మూలలు 4 మీటర్ల వంపుతో ఉంటే, కూడలి అంచుకు రెండు మీటర్ల లోపల దాటేవారు 8 మీటర్లు నడిస్తే చాలు. అదే మూలలను 12 మీటర్ల వంపుకు పెంచితే అక్కడే దాటాల్సిన దూరం దాదాపు 18 మీటర్లవుతుంది. ఆరేడు సెకన్ల పని పదిహేను సెకన్లకు పెరుగుతుంది. బడి పిల్లలు, వృద్ధులు ఆ సమయమంతా వాహనాల మధ్యే ఉంటారు. బస్సు దిగిన ప్రతి ప్రయాణికుడూ మరుక్షణం పాదచారే అన్న సంగతి మరిచి బస్సుకోసం రోడ్డును గీయడం తగదు.

కాబట్టి ప్రశ్న మూలను ఎంత పెద్దది చేయాలన్నది కాదు. ఉన్న మూలలోనే బస్సుకు చోటు ఎలా దొరుకుతుందన్నది. ఇందుకు సమాధానం ఆశ్చర్యపరిచేంత సులువుగా ఉంది.

రెండు ఆటోలు తొలగితే..

4 మీటర్ల వంపున్న మూలనే తీసుకుందాం. బస్సు లోపలి అంచుకు కావాల్సింది 6.75 మీటర్లు. కాలిబాటను రాసుకుంటూ వచ్చే బస్సు ఇక్కడ తిరగలేదు. అదే బస్సు రెండు రోడ్లలోనూ కాలిబాటకు ఒక్క మీటరు ఎడంగా నడవగలిగితే దానికి దొరికే వంపు 7.4 మీటర్లకు పెరుగుతుంది. రెండు మీటర్లు ఎడంగా నడిస్తే దాదాపు 11 మీటర్లవుతుంది. కాలిబాట రాయి ఒక్కటి కూడా కదపనవసరం లేదు. మూలకు ఇరువైపులా కొద్ది మీటర్ల మేర ఏ వాహనమూ నిలపకుండా చూస్తే చాలు.

దీనికి తలకిందులుగా ఆలోచిస్తే మన చౌరస్తాల వ్యాధి తెలుస్తుంది. మూలకు ఒకవైపు రెండు ఆటోలు, మరోవైపు ఒక తోపుడు బండి, మధ్యలో నాలుగు బైకులు నిలిచాయంటే బస్సు వాటిని తప్పించుకొని మరింత వెలుపలి నుంచి తిరగాలి. అప్పుడు అది ఎదురు వరుసలోకి పోతుంది. కోట్లు పోసి వేసిన వెడల్పు అలా హరించుకుపోతుంది. ఆటోవాలాను, చిరువ్యాపారిని తరిమివేయడం ఇందుకు పరిష్కారం కాదు. బతుకుతెరువు ఉన్నచోట జనం ఉంటారు, జనం ఉన్నచోటికి ఆటో వస్తుంది. మూల నుంచి కొంత దూరంలో గీతలు గీసి ఆటో నిలుపుదల స్థలాన్ని చూపితే ఇద్దరికీ మేలు.

రెండో అంశం డివైడర్‌ ముక్కు. మలుపు పూర్తయ్యే చోట బస్సు ముందుభాగం దాదాపు 6 మీటర్ల వెడల్పును వాడుకుంటుంది. డివైడర్‌ను కూడలి అంచు వరకు లాక్కొస్తే బస్సు దానికి ఢీకొంటుంది. కొన్ని అడుగులు వెనక్కి జరిపితే ఇబ్బంది తొలగుతుంది. ఎదురు రోడ్డులో వాహనాలు ఆగాల్సిన గీతను కూడా అదేవిధంగా వెనక్కి గీస్తే, ఎర్రదీపం ఉన్నప్పుడు తిరిగే బస్సుకు అక్కడి ఖాళీ వరుస ఉపయోగపడుతుంది. ఇది రంగు డబ్బాతో అయ్యే పని.

మూడోది బస్టాప్‌. కూడలికి ముందే బస్సు ఆగితే వెనుక వచ్చే రద్దీ మొత్తం నిలిచిపోతుంది. ఆగిన బస్సు తిరగడానికి కావాల్సిన కోణం దొరకదు. కూడలి దాటిన తరువాత, మూలకు తగినంత దూరంలో బస్టాప్‌ ఉంటే ఈ రెండు చిక్కులూ ఉండవు.

దీవులు, విగ్రహాలు, ఫౌంటేన్లు

మహనీయుల విగ్రహాలు లేని చౌరస్తా మన ఊళ్లలో అరుదు. వారిపై గౌరవం అవసరం. ఆ గౌరవాన్ని విగ్రహం చుట్టూ కట్టే దీవి వైశాల్యంతో కొలవడం అనవసరం. గుండ్రటి దీవి చుట్టూ వాహనాలు తిరగాలంటే ప్రవేశ మార్గాల వంపు పట్టణాల్లో 15 నుంచి 25 మీటర్ల వరకు ఉండాలని భారత రహదారుల కాంగ్రెస్‌ 1976 నాటి ప్రమాణాలు చెప్పాయి. అన్ని దిక్కుల నుంచి కలిపి గంటకు 3 వేల వాహనాలు దాటితే ఇలాంటి చౌరస్తా సమర్థంగా పనిచేయదన్నదీ ఆ ప్రమాణాల్లోని మాటే. స్థలం చాలనిచోట పెద్ద దీవి కడితే కుడికి తిరిగే బస్సు దానిని చుట్టి రాలేక అడ్డదారి తొక్కుతుంది.

విదేశాల్లో దీనికి ఒక ఉపాయం ఉంది. దీవి మధ్యభాగాన్ని చిన్నదిగా ఉంచి, చుట్టూ కొద్దిపాటి ఎత్తున్న గరుకు రాళ్ల పట్టీ వేస్తారు. కారు దాన్ని ఎక్కడానికి ఇష్టపడక నెమ్మదిగా తిరుగుతుంది. బస్సు వెనుక చక్రం మాత్రం దానిపైనుంచి సాఫీగా దాటిపోతుంది. అందానికీ అవసరానికీ రాజీ కుదిర్చే ఈ పద్ధతికి మన చౌరస్తాల్లోనూ చోటుంది.

నూటయాభై ఏళ్ల కిందటి ముందుచూపు

స్పెయిన్‌లోని బార్సిలోనా నగర విస్తరణకు 1859లో ఇల్డెఫాన్స్‌ సెర్దా అనే ఇంజినీరు నక్షా గీశాడు. ప్రతి కూడలిలో నాలుగు మూలలనూ ఏటవాలుగా కోసి అష్టభుజి ఆకారం ఇచ్చాడు. ఊరి వీధుల్లో ఆవిరి ట్రాములు తిరగాల్సి వస్తుందని, వాటికి విశాలమైన మలుపు కావాలని ఆయన ముందే తలపోశాడు. ఆవిరి ట్రాముల కాలం పోయింది. ఆ మూలలు నేటికీ నగరానికి ఊపిరినిస్తున్నాయి.

మనకూ అటువంటి నియమం లేకపోలేదు. రెండు రోడ్లు కలిసే చోట స్థలం ఉన్న యజమాని మూలను ఏటవాలుగా వదిలి కట్టుకోవాలని 2012 నాటి జీవో 168 భవన నిర్మాణ నియమాలు చెబుతున్నాయి. కూడళ్ల వద్ద, బస్టాప్‌ల వద్ద వాహనాలు నిలపరాదని రోడ్డు నియమాలూ ఉన్నాయి. కొత్తగా అనుమతి ఇచ్చే ప్రతి మూల భవనం వద్ద ఈ నిబంధనను పట్టించుకుంటే పదేళ్లలో ఊరి మూలలు వాటంతటవే విప్పారతాయి. ఒక్కసారి నాలుగంతస్తులు లేచాక మూలను సరిచేయడానికి పరిహారం, కోర్టు వ్యాజ్యం, కూల్చివేత.. ఇన్ని మెట్లు ఎక్కాలి.

ఒక మూల.. ఐదుగురు యజమానులు

ఇంత సులువైన పని ఎందుకు జరగదన్న సందేహం సహజం. రోడ్డు రహదారులు, భవనాల శాఖది లేదా జాతీయ రహదారుల సంస్థది. కాలిబాట, మురుగు కాల్వ, దీవి నగరపాలక సంస్థవి లేదా పురపాలక సంఘానివి. సిగ్నల్‌, వాహనాల నియంత్రణ పోలీసులవి. మూల మీద ఉన్న స్తంభం విద్యుత్తు సంస్థది. తిరగాల్సిన బస్సు ఆర్టీసీది. ఒక్కొక్కరూ తమ పని తాము నిబంధనల ప్రకారమే చేశామనగలరు. అన్నీ కలిసేసరికి బస్సుకు దారి ఉండదు. నక్షా గీసే దశలో ఆర్టీసీని పిలిచి అడిగే ఆనవాయితీ ఏర్పడకపోతే ఈ తంతు ఇలాగే సాగుతుంది.

వీరందరినీ ఒకచోట కూర్చోబెట్టే వేదిక ప్రతి జిల్లాలోనూ ఉంది. అది కలెక్టర్‌ అధ్యక్షతన ఉండే రోడ్డు భద్రతా కమిటీ. ప్రమాదం జరిగిన స్థలాలపై చర్చించినట్లే, ప్రమాదానికి ఎదురుచూస్తున్న మూలలపైనా అక్కడ చర్చ జరగాలి. డిపోల డ్రైవర్లను అడిగితే కష్టమైన మలుపుల జాబితా ఒక్కపూటలో తయారవుతుంది. రోజూ ఆ మలుపు తిరిగే మనిషికంటే దాని సంగతి తెలిసిన నిపుణుడు మరొకరు ఉండరు.

సున్నం గీత, ఒక ఆదివారం

కాంక్రీటు పోసిన తరువాత తప్పు తెలిస్తే దిద్దడానికి మళ్లీ టెండరు పిలవాలి. పోయకముందు తెలుసుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. రద్దీ లేని ఆదివారం ఉదయం కూడలిలో ప్రతిపాదిత దీవిని, డివైడర్‌ను, మూలను సున్నంతో గీయాలి. అంచుల వెంట ఇసుక బస్తాలు పేర్చాలి. డిపో నుంచి 12 మీటర్ల బస్సును రప్పించి నాలుగు దిక్కులకూ తిప్పి చూడాలి. వెనుక చక్రం ఏ బస్తాను తాకిందో అక్కడ నక్షాను మార్చాలి. ఇంజినీరు, ట్రాఫిక్‌ అధికారి, ఆర్టీసీ ప్రతినిధి, ఆ వార్డు ప్రజలు అందరూ కళ్లారా చూస్తారు. తరువాత వాదనకు తావుండదు.

2024 సెప్టెంబరులో కరీంనగర్‌కు విద్యుత్తు బస్సులు వచ్చాయి. వాహనం మారింది. అది తిరగాల్సిన మూల మారలేదు. ఎంత ఖరీదైన బస్సు కొన్నా సిగ్నల్‌ వద్ద పచ్చదీపం 25 సెకన్లు వెలిగితే, అందులో 10 సెకన్లు ఒక్క మలుపునకే పోయినప్పుడు వెనుక ఉన్న వారికి మిగిలేది 15 సెకన్లే. బస్సు సాఫీగా తిరిగితే లాభం ఆ బస్సులోని వారికే కాదు. దాని వెనుక ఉన్న కారుకు, పక్కన ఉన్న బైకుకు, అంచున నిలబడి దాటబోయే ముసలమ్మకు కూడా. కొత్తగా ఏ కూడలి పని మొదలుపెట్టినా మొదటి కొలత శిలాఫలకానిది కాకుండా బస్సు వెనుక చక్రానిది కావాలి.